ఫైలు మారింది సరే, సర్వరు మారిందా?

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సర్వర్లు రెండో మూడో ఉన్నంతకాలం వాటి కాన్ఫిగరేషన్ ఫైళ్ళను ఎస్‌ఎస్‌హెచ్ అనే దూరపు లాగిన్ పద్ధతితో లోపలికి వెళ్ళి చేత్తో దిద్దుకోవచ్చు. వాటి సంఖ్య పెరిగినకొద్దీ, ఒకే పని చేయవలసిన రెండు సర్వర్లలో ఒకదానికి వర్క్ మెమ్ (క్వెరీలో సార్టింగ్ వంటి పనులకు ఇచ్చే మెమరీ) 4 ఎంబీగానూ, మరొకదానికి 64 ఎంబీగానూ ఉండడం, ఆ తేడా ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన మనిషి అప్పటికే వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయి ఉండడం మామూలైపోతుంది. ఈ గందరగోళానికి విరుగుడుగా మా బృందంలో మేము ఆన్సిబుల్ అనే, సర్వర్లను ఒకేచోట నుంచి అమర్చే ఆటొమేషన్ సాధనాన్ని వాడుతున్నాము. పప్పెట్, షెఫ్ వంటివి కూడా ఈ పని చేయగలవు. అయితే ఆన్సిబుల్‌కు సర్వరు మీద ప్రత్యేకంగా ఏజెంట్ ఏదీ నడపనక్కరలేదు. ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. డేటాబేస్ సర్వరు మీద డేటాబేస్ తప్ప మరొకటి నడవడం ఇష్టపడని నాబోటి వాళ్ళకు ఈ ఒక్క కారణమే సరిపోతుంది.

ఆన్సిబుల్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, చేయవలసిన పనులను (టాస్కులను) వరుసగా చెప్పే ప్లేబుక్ ఎలా రాయాలి అన్న విషయాల జోలికి ఈ వ్యాసంలో వెళ్ళడం లేదు. అవి చెప్పే పాఠాలు అమీర్‌పేట నుంచి యూట్యూబ్ దాకా కావలసినన్ని ఉన్నాయి. ఆ పాఠాలు సాధారణంగా ఎక్కడ ఆగిపోతాయో అక్కడి నుంచి మొదలుపెడతాను. టెంప్లేట్ (విలువలు నింపడానికి ఖాళీలున్న నమూనా) నుంచి ఫైలు తయారైంది, సర్వరు మీదికి చేరింది, రీలోడ్ జరిగింది, తెర మీద అంతా పచ్చగా కనిపించింది. పాఠం అక్కడితో ముగుస్తుంది. డేటాబేస్ విషయంలో అసలు ప్రశ్న అప్పుడే పుడుతుంది. పాసుపుస్తకంలో రాసిన విస్తీర్ణానికీ, పొలంలో గట్ల మధ్య ఉన్న విస్తీర్ణానికీ తేడా ఉండవచ్చునని మన ఊళ్ళలో ఎవరికీ చెప్పనక్కరలేదు. డిస్కు మీది కాన్ఫిగరేషన్ ఫైలుకూ, నడుస్తున్న సర్వరు మెమరీలో ఉన్న విలువలకూ మధ్య ఉన్న సంబంధం కూడా అటువంటిదే.

రీలోడ్ అంటే ఏమిటో ముందుగా చూద్దాం. పోస్ట్‌గ్రెస్ ప్రధాన ప్రాసెస్‌కు సిగ్‌హప్ అనే సిగ్నల్ పంపడమే రీలోడ్. సిస్టమ్‌డీ ద్వారా చేసినా, పీజీ రీలోడ్ కాన్ఫ్ అనే ఫంక్షన్‌ను పిలిచినా జరిగేది అదే. ఆ ఫంక్షన్ 'ట్రూ' అని జవాబిచ్చిందంటే సిగ్నల్ పంపడం కుదిరిందని మాత్రమే అర్థం. ఫైలును సర్వరు చదివి ఒప్పుకున్నదని కాదు. ఫైలులో వాక్యనిర్మాణ దోషం ఉంటే, అంటే ఒక కొటేషన్ గుర్తు మూయకుండా వదిలేసినట్లయితే, లేదా ఏదైనా పరామితి పేరు తప్పయితే, సర్వరు ఆ ఫైలులోని మార్పులు వేటినీ తీసుకోకుండా పాత విలువలతోనే కొనసాగుతుంది. వాక్యనిర్మాణమూ పేర్లూ సరిగానే ఉండి ఏదో ఒక పరామితి విలువ తప్పయితే ఆ ఒక్కదాన్ని పక్కనపెట్టి, మిగిలిన మార్పులను అమలు చేస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఫిర్యాదు లాగ్ ఫైలులో మాత్రమే నమోదవుతుంది, ఆన్సిబుల్‌కు ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. నా అనుభవంలో రెండవదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే సగం మార్పులు అమలైన సర్వరును చూసినవారికి అన్నీ అమలయ్యాయన్న నమ్మకమే కలుగుతుంది.

మూడవ సందర్భం మరొకటి ఉంది. షేర్డ్ బఫర్స్ (సర్వరు ప్రాసెస్‌లన్నీ పంచుకునే కాష్ మెమరీ), మ్యాక్స్ కనెక్షన్స్ వంటి పరామితులు సర్వరును పూర్తిగా ఆపి మళ్ళీ మొదలుపెడితే తప్ప మారవు. వాటిని ఫైలులో మార్చి రీలోడ్ చేస్తే, 'రీస్టార్ట్ చేయకుండా దీన్ని మార్చడం కుదరదు' అని లాగ్‌లో ఒక వరుస రాసి సర్వరు తన దారిన తాను పోతుంది. ఆ మార్పు ఫైలులో వారాలు, నెలలు నిద్రపోతుంది. ఎప్పుడో ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్ కోసం ఎవరో మెషీన్‌ను రీబూట్ చేసిన రాత్రి అది అమలులోకి వస్తుంది, లేదా దానివల్ల సర్వరు లేవనే లేవదు. రీబూట్ చేసిన మనిషికి ఆ మార్పుతో ఏ సంబంధమూ ఉండదు, మార్పు చేసిన మనిషికి ఆ రాత్రి ఫోన్ రాదు.

కాబట్టి ప్లేబుక్‌లో రీలోడ్ తరువాత తప్పనిసరిగా డేటాబేస్‌నే ప్రశ్నించే టాస్కులు ఉండాలన్నది నా పట్టుదల. ఇందుకు కావలసిన సాధనాలు పోస్ట్‌గ్రెస్‌లోనే ఉన్నాయి. పట్టికలా ప్రశ్నించగల పీజీ సెట్టింగ్స్ అనే వ్యూలో ప్రతి పరామితికీ ప్రస్తుత విలువ, అది ఏ ఫైలులోని ఎన్నో వరుస నుంచి వచ్చింది, దాన్ని మార్చడానికి రీలోడ్ చాలునా రీస్టార్ట్ కావాలా అన్న వివరాలు ఉంటాయి. పెండింగ్ రీస్టార్ట్ అనే కాలమ్ 9.5 వెర్షన్‌లో చేరింది. ఫైలులో మారినా రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తున్న పరామితులను అది బయటపెడుతుంది. అదే వెర్షన్‌లో వచ్చిన పీజీ ఫైల్ సెట్టింగ్స్ అనే వ్యూ ఇంకా అక్కరకొస్తుంది. ఇది సర్వరు చివరిసారి తీసుకున్న విలువలను కాక, ఈ క్షణాన ఫైళ్ళలో ఉన్న విషయాన్ని చదివి, వాటిలో ఏది అమలు కాగలదో ఏది కాలేదో చూపిస్తుంది. అంటే ఫైలును పెట్టిన తరువాత, రీలోడ్ చేయకముందే, తప్పులను పట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: రీస్టార్ట్ కావలసిన మార్పులు కూడా ఇందులో 'అమలు కాలేదు' అన్న తప్పుగానే కనిపిస్తాయి. అందువల్ల ఎర్రర్ కాలమ్ ఖాళీగా లేదన్నంత మాత్రాన ప్లేబుక్‌ను ఆపేయకుండా, ఆ పరామితి ఏ రకానికి చెందినదో పీజీ సెట్టింగ్స్‌తో కలిపి చూడాలి.

ఆన్సిబుల్‌లో హ్యాండ్లర్ అనే ఏర్పాటు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలా రోల్స్‌లో (మళ్ళీ మళ్ళీ వాడుకునే టాస్కుల కట్టల్లో) సర్వరు రీలోడ్, రీస్టార్ట్ పనులు దాని మీదే ఆధారపడి ఉంటాయి. టెంప్లేట్ టాస్క్ ఫైలును మార్చినప్పుడు హ్యాండ్లర్‌కు కబురు పంపుతుంది. హ్యాండ్లర్ ప్లే చివరలో నడుస్తుంది. ఫైలు మారిన తరువాత, ప్లే ముగిసేలోపు, అదే సర్వరు మీద వేరే ఏదో టాస్క్ విఫలమైతే ఆ హ్యాండ్లర్ నడవదు. సమస్యను సరిదిద్ది మళ్ళీ ప్లేబుక్‌ను నడిపితే, ఫైలు ముందే మారిపోయి ఉంది కనుక టెంప్లేట్ టాస్క్ 'మార్పేమీ లేదు' అంటుంది, కబురు వెళ్ళదు, రీలోడ్ ఎన్నటికీ జరగదు. రెండవసారి నడిపినప్పుడు కనిపించే ఆ పచ్చరంగు వట్టి మోసం. ఫోర్స్ హ్యాండ్లర్స్ అనే ఐచ్ఛికంతో కొంతవరకు, టెంప్లేట్ టాస్క్ వెంటనే హ్యాండ్లర్లను నడిపించే ఫ్లష్ హ్యాండ్లర్స్‌తో మరికొంత దీన్ని తగ్గించవచ్చు. నేను మాత్రం ఈ నిర్ణయాన్ని హ్యాండ్లర్ చేతుల్లో పెట్టడమే మానుకున్నాను. రీలోడ్ వల్ల పోయేదేమీ లేదు కనుక ప్రతిసారీ చేయిస్తాను. రీస్టార్ట్ అవసరమా కాదా అన్నది ఫైలు మారిందా అన్నదాన్ని బట్టి కాక, పెండింగ్ రీస్టార్ట్ కాలమ్ ఏమి చెబుతున్నదన్నదాన్ని బట్టి తేలుస్తాను. ప్రొడక్షన్‌లో ప్లేబుక్ తనంతట తాను రీస్టార్ట్ చేయదు. ఏయే సర్వర్లు ఏయే పరామితుల కోసం ఎదురుచూస్తున్నాయో జాబితా ఇచ్చి ఆగిపోతుంది. రీస్టార్ట్‌కు వేరే ప్లేబుక్, వేరే అనుమతి, వేరే వేళ ఉంటాయి.

ఇక ఫైళ్ళను ఎలా అమర్చాలన్న విషయం. పోస్ట్‌గ్రెస్‌లో ఒకే పరామితిని చాలా చోట్ల రాయవచ్చు. ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైలు, దాని నుంచి ఇన్‌క్లూడ్ డిర్ ద్వారా చదివే ఫోల్డరులోని ఫైళ్ళు, డేటా డైరెక్టరీలో ఉండే ఆటో కాన్ఫ్ అనే ఫైలు, సర్వరును మొదలుపెట్టేటప్పుడు ఇచ్చే ఐచ్ఛికాలు, ఇవికాక ఒక్కొక్క డేటాబేస్‌కూ ఒక్కొక్క యూజరుకూ విడిగా పెట్టిన విలువలు. ఫైళ్ళ వరకు ఒకే పరామితి రెండుసార్లు కనిపిస్తే చివర చదివినదే నిలుస్తుంది. ఫోల్డరులోని ఫైళ్ళను పేర్ల క్రమంలో, అంకెలు ముందు అక్షరాలు తరువాత వచ్చేటట్లు చదువుతుంది. ఆటో కాన్ఫ్‌ను ప్రధాన ఫైలు తరువాత చదువుతుంది కనుక దానిదే పైచేయి.

ప్రధాన ఫైలు మొత్తాన్నీ టెంప్లేట్‌గా మార్చి రాయడం ఒక పద్ధతి. ప్యాకేజీతో వచ్చిన ప్రధాన ఫైలును ముట్టుకోకుండా, ఫోల్డరులో మన విలువలతో ఒకే ఒక ఫైలును పెట్టడం మరొక పద్ధతి. లైన్ఇన్‌ఫైల్ మాడ్యూల్‌తో ప్రధాన ఫైలులో ఒక్కొక్క వరుసనూ వెదికి మార్చడం మూడవ పద్ధతి. దీన్ని ఎవ్వరికీ సిఫారసు చేయను. ఒక పరామితి ఇక వద్దనుకుని ప్లేబుక్ నుంచి ఆ వరుసను తీసేస్తే, సర్వరు మీది ఫైలులో అది అలాగే మిగిలిపోతుంది. పేరుకు ఆటొమేషనే గానీ, అక్కడ జరుగుతున్నది చేత్తో దిద్దడమే. నేను రెండవ పద్ధతినే ఎంచుకున్నాను. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల్లో ఆ ఫోల్డరు ఏర్పాటు ముందే ఉంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇన్‌క్లూడ్ డిర్ వరుసను మనమే చేర్చుకోవాలి, ఆ ఒక్క వరుస కోసం మాత్రం ప్రధాన ఫైలును ముట్టుకోక తప్పదు. ఈ పద్ధతిలోనూ ఒక చిక్కు ఉంది: రోల్‌లో ఫైలు పేరు మార్చినప్పుడు పాత పేరుతో ఉన్న ఫైలును ఆన్సిబుల్ తీసివేయదు, ఎందుకంటే తాను నిన్న ఏమి పెట్టిందో దానికి గుర్తుండదు. పోస్ట్‌గ్రెస్ మాత్రం రెండు ఫైళ్ళనూ చదువుతూనే ఉంటుంది. అందుకే ఆ ఫోల్డరులో మనకు తెలియని ఫైలు ఏదైనా ఉంటే ప్లేబుక్ విఫలమయ్యేటట్లు ఒక టాస్క్ రాసుకోవడం మంచిది. దొరికినదాన్ని దొరికినట్టు తొలగించే టాస్క్ రాయడం మాత్రం నాకు దూకుడు పనిగా తోస్తుంది.

ఆటో కాన్ఫ్ సంగతి వేరు. 9.4 వెర్షన్‌లో వచ్చిన ఆల్టర్ సిస్టమ్ కమాండ్ రాసేది ఆ ఫైలులోనే. అర్ధరాత్రి ఒక సమస్యను అదుపు చేయడానికి డీబీఏకు (డేటాబేస్ నిర్వాహకుడికి) అంతకన్నా సులువైన మార్గం లేదు; ఆ మార్పు ఆన్సిబుల్ పెట్టిన విలువను నిశ్శబ్దంగా తొక్కిపెట్టడానికీ అంతకన్నా సులువైన మార్గం లేదు. తరువాత ఎన్నిసార్లు టెంప్లేట్‌ను మార్చి నడిపినా సర్వరు పట్టించుకోదు. కాన్ఫిగరేషన్‌ను బయటి సాధనాలతో నిర్వహించేవారిని దృష్టిలో ఉంచుకునే 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లో అలౌ ఆల్టర్ సిస్టమ్ అనే పరామితిని చేర్చారు. దాన్ని ఆఫ్‌లో పెడితే ఆ కమాండ్ పనిచేయదు. ఇది భద్రతా ఏర్పాటు కాదని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ స్పష్టంగానే చెబుతుంది, సూపర్‌యూజర్ తలచుకుంటే వేరే దారులు ఉన్నాయి. అలవాటుగా చేసే పొరపాటును ఆపడానికి మాత్రం ఇది చాలు. పాత వెర్షన్లలో ఆటో కాన్ఫ్ నుంచి వచ్చిన విలువలు ఏవైనా ఉన్నాయా అని పీజీ సెట్టింగ్స్‌లోని సోర్స్ ఫైల్ కాలమ్‌ను చూసి, ఉంటే ప్లేబుక్ హెచ్చరించేటట్లు చేయవచ్చు. ఆన్సిబుల్ పోస్ట్‌గ్రెస్ కలెక్షన్‌లో ఉన్న పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సెట్ అనే మాడ్యూల్ కూడా లోపల ఆల్టర్ సిస్టమ్‌నే వాడుతుంది. ఆ మాడ్యూల్‌తోనే అన్నీ చేస్తే తప్పులేదు, టెంప్లేట్‌తో అన్నీ చేసినా తప్పులేదు. రెండింటినీ కలిపి వాడిన రిపాజిటరీలో మాత్రం ఏ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడానికి పూటంతా పడుతుంది.

టెంప్లేట్‌లో విలువలను లెక్కకట్టడం గురించి నాకు కొంత విముఖత ఉంది. డేటాబేస్‌కే కేటాయించిన సర్వరులో షేర్డ్ బఫర్స్‌ను మొత్తం మెమరీలో 25 శాతంతో మొదలుపెట్టవచ్చునని డాక్యుమెంటేషన్ చెబుతుంది. దాన్ని పట్టుకుని, ఆన్సిబుల్ సేకరించే మెమరీ వివరాన్ని నాలుగుతో భాగించే సూత్రం చాలా రోల్స్‌లో కనిపిస్తుంది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. వర్చువల్ మెషీన్‌కు ఎవరో మెమరీ పెంచిన మరునాడు, ప్లేబుక్‌లో ఎవరూ ఏమీ మార్చకుండానే, రిపాజిటరీలో ఒక్క కమిట్ అయినా లేకుండానే, రీస్టార్ట్ కావలసిన మార్పు ఒకటి సర్వరు మీద వచ్చి కూర్చుంటుంది. హ్యూజ్ పేజెస్‌ను (మెమరీని పెద్ద పేజీలుగా ఇచ్చే ఏర్పాటును) తప్పనిసరిగా 'ఆన్' అని పెట్టుకుని, కెర్నెల్‌లో వాటి సంఖ్యను స్థిరంగా రాసుకున్నచోట పరిస్థితి ఇంకా చెడుతుంది. పెరిగిన షేర్డ్ బఫర్స్‌కు సరిపడా పేజీలు లేకపోతే పోస్ట్‌గ్రెస్ అసలు మొదలుకాదు. అందుకే విలువలను ఇన్వెంటరీలో, అంటే ఆన్సిబుల్ చూసుకునే సర్వర్ల జాబితాలో, గ్రూపు వారీగా అంకెల్లోనే రాయాలంటాను. సూత్రంతో లెక్క వేసుకోవచ్చు, అయితే ఆ లెక్క మనిషి వేసి, ఫలితాన్ని కమిట్ చేసి, ఆ కమిట్ సందేశంలో కారణాన్ని రాయాలి. యూనిట్లను విధిగా రాయాలని కూడా మా రివ్యూలో పట్టుబడతాము. షేర్డ్ బఫర్స్‌కు యూనిట్ లేకుండా అంకె వేస్తే దాన్ని 8 కేబీ బ్లాకులుగా లెక్కిస్తుంది, వర్క్ మెమ్‌కు వేస్తే కిలోబైట్లుగా లెక్కిస్తుంది. టెంప్లేట్‌ను చదివే మనిషికి ఈ తేడా గుర్తుండాలని ఆశించడం న్యాయం కాదు.

రెప్లికేషన్ ఉన్నచోట, అంటే ప్రైమరీ అనే ప్రధాన సర్వరులోని మార్పులను స్టాండ్‌బై అనే నకలు సర్వర్లు అందుకుంటూ ఉన్నచోట, క్రమం ముఖ్యం. మ్యాక్స్ కనెక్షన్స్, మ్యాక్స్ వర్కర్ ప్రాసెసెస్, మ్యాక్స్ వాల్ సెండర్స్, మ్యాక్స్ ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్స్, మ్యాక్స్ లాక్స్ పర్ ట్రాన్సాక్షన్ అనే 5 పరామితుల విలువ స్టాండ్‌బైలో ప్రైమరీలో ఉన్నదానికి తగ్గకూడదు. పెంచేటప్పుడు ముందు స్టాండ్‌బైలలో పెంచి తరువాత ప్రైమరీలో పెంచాలి. తగ్గించేటప్పుడు ముందు ప్రైమరీలో తగ్గించాలి. ఈ క్రమం తప్పితే, క్వెరీలకు జవాబిస్తున్న స్టాండ్‌బై 13వ వెర్షన్ వరకు ఆగిపోయేది. 14 నుంచి మార్పులను అమలు చేయడం నిలిపివేసి ఎదురుచూస్తుంది. ఆన్సిబుల్ మామూలుగా ఒక్కసారి 5 మెషీన్ల మీద సమాంతరంగా పనిచేస్తుంది కనుక, ఏ జాగ్రత్తా తీసుకోని ప్లేబుక్ ప్రైమరీనీ స్టాండ్‌బైలనూ ఒక్కసారే రీస్టార్ట్ చేసినా ఆశ్చర్యం లేదు. ఒక్కో విడతలో ఎన్ని మెషీన్లన్నది చెప్పే సీరియల్ విలువను 1గా పెట్టడం కనీస జాగ్రత్త. పెంపునకూ తగ్గింపునకూ క్రమం తిరగబడుతుంది కనుక, ఏ సర్వరు ముందు అన్నది ఇన్వెంటరీలోని పేర్ల క్రమానికి వదిలేయకూడదు. ఇన్వెంటరీలో ప్రైమరీ అని రాసి ఉన్నది ఫెయిలోవర్ (స్టాండ్‌బై ప్రైమరీగా మారడం) తరువాత నిజంగా ప్రైమరీయేనా అన్నది కూడా సర్వరునే అడిగి తెలుసుకోవాలి. పీజీ ఈజ్ ఇన్ రికవరీ అనే ఫంక్షన్ ఉన్నది అందుకే.

ఎవరు ఎక్కడి నుంచి లోపలికి రావచ్చునో నిర్ణయించే పీజీ హెచ్‌బీఏ ఫైలును మాత్రం పూర్తిగా టెంప్లేట్ నుంచే రాయాలి. అందులో పై నుంచి కిందికి చదువుతూ మొదట సరిపోయిన వరుస దగ్గరే నిర్ణయం అయిపోతుంది. అక్కడ పాస్‌వర్డ్ తప్పయితే కింది వరుసకు వెళ్ళడం ఉండదు. క్రమమే అర్థమైన ఫైలులో ఒక్కొక్క వరుసనూ విడివిడి టాస్కులతో చేర్చడం వల్ల ఏమి జరుగుతుందో ఊహించుకోవచ్చు. తప్పున్న ఫైలుతో రీలోడ్ చేస్తే పాత నియమాలే కొనసాగుతాయి, అదే ఫైలుతో రీస్టార్ట్ చేస్తే సర్వరు లేవదు. 10వ వెర్షన్ నుంచి ఉన్న పీజీ హెచ్‌బీఏ ఫైల్ రూల్స్ అనే వ్యూలో ఏ వరుసలో ఏ తప్పు ఉందో రీలోడ్‌కు ముందే చూడవచ్చు. ఒక వరుసను తీసేసినంత మాత్రాన అప్పటికే లోపల ఉన్న కనెక్షన్లు తెగిపోవన్నది ఆడిట్ వాళ్ళకు చెప్పవలసిన సంగతి.

రహస్యాల విషయంలో ఒక్క మాట. స్టాండ్‌బై ప్రైమరీతో కలవడానికి వాడే పాస్‌వర్డ్‌ను ఆన్సిబుల్ వాల్ట్‌లో గుప్తీకరించి దాచి, తరువాత ప్లేబుక్‌ను ఫైళ్ళలోని తేడాలను చూపే డిఫ్ ఐచ్ఛికంతో నడిపితే, అదే పాస్‌వర్డ్ తెర మీద, సీఐ లాగుల్లో బయటపడుతుంది. ఆ టాస్కులకు డిఫ్‌ను ఆపివేయాలి. వీలైతే ఆ పాస్‌వర్డ్‌ను కాన్ఫిగరేషన్ ఫైలులో కాక వేరే పాస్‌వర్డ్ ఫైలులో ఉంచడం ఇంకా నయం.

మేజర్ వెర్షన్ మారినప్పుడు పాత టెంప్లేట్ కొత్త సర్వరును లేవనివ్వకపోవడం సర్వసాధారణం, ఎందుకంటే మొదలయ్యేటప్పుడు తెలియని పరామితి కనిపిస్తే పోస్ట్‌గ్రెస్ ముందుకు కదలదు. 12లో రికవరీ కాన్ఫ్ ఫైలును పూర్తిగా ఎత్తివేశారు; ఆ ఫైలు ఇంకా అక్కడే ఉంటే సర్వరు మొదలుకాదు. 13లో వాల్ కీప్ సెగ్మెంట్స్ పోయి వాల్ కీప్ సైజ్ వచ్చింది, దానితోపాటు కొలమానమూ మారింది. 16లో వాక్యూమ్ డిఫర్ క్లీనప్ ఏజ్‌ను తొలగించారు. వీటికోసం టెంప్లేట్ నిండా 'ఈ వెర్షన్ అయితే ఇది' అన్న షరతులు చేర్చుకుంటూ పోతే కొన్నాళ్ళకు దాన్ని ఎవరూ చదవలేరు. వెర్షన్‌కు ఒక వేరియబుల్ ఫైలు పెట్టుకుని, పాత వెర్షన్‌తో పాటే దాన్నీ తొలగించడం మాకు నెమ్మదిగా అలవాటైంది.

ఫెయిలోవర్‌ను తనంతట తాను చూసుకునే పాట్రోనీ అనే సాధనం నడుపుతున్న క్లస్టర్లలో పైన చెప్పినదానిలో సగం వర్తించదు. పాట్రోనీ అసలు ప్రధాన ఫైలును బేస్ కాన్ఫ్ అన్న పేరుకు మార్చి, తాను రాసిన ఫైలును దాని స్థానంలో పెడుతుంది. మ్యాక్స్ కనెక్షన్స్ వంటి క్లస్టర్ అంతటికీ ఒకేలా ఉండవలసిన పరామితులను ఈటీసీడీ వంటి పంపిణీ స్టోర్‌లో ఉన్న కాన్ఫిగరేషన్ నుంచే తీసుకుంటుంది. అక్కడ ఆన్సిబుల్ కూడా అదే ఫైలును రాస్తే ఇద్దరు యజమానుల తగవే మిగులుతుంది. పాట్రోనీ సొంత యామల్ ఫైలు వరకు ఆన్సిబుల్ చూసుకోవాలి, పోస్ట్‌గ్రెస్ పరామితులను పాట్రోనీకే అప్పగించాలి. మైఎస్‌క్యూఎల్ నడిపేవారికి పేర్లు మారతాయి గానీ చిక్కులు చాలావరకు ఇవే. 8.0లో వచ్చిన సెట్ పర్సిస్ట్ కమాండ్ అక్కడ ఆటో కాన్ఫ్ పాత్రను పోషిస్తుంది. అన్నట్టు, అందరికీ రాసే అనుమతి ఉన్న కాన్ఫిగరేషన్ ఫైలును మైఎస్‌క్యూఎల్ ఒక హెచ్చరిక ఇచ్చి పక్కనపెట్టేస్తుంది, అందుచేత టెంప్లేట్ టాస్క్‌లో ఫైల్ మోడ్‌ను కొటేషన్లలో సరిగ్గా రాయడం మరచిపోకూడదు.

రాత్రివేళ అత్యవసరంగా చేత్తో మార్చవలసి వస్తే ఏమి చేయాలన్న ప్రశ్న ప్రతి కొత్త సభ్యుడూ అడుగుతాడు. మార్చవచ్చు, ఆటొమేషన్ ఉన్నది కదా అని సర్వరు కుప్పకూలుతుంటే మెర్జ్ రిక్వెస్ట్‌కు ఆమోదం కోసం ఎదురుచూడమని ఎవరూ అనరు. ప్రతి ఉదయం ప్లేబుక్‌ను చెక్ మోడ్‌లో, అంటే ఏమీ మార్చకుండా తేడాలను మాత్రమే చూపే పద్ధతిలో నడుపుతాము. దానితోపాటు ఇన్వెంటరీలోని విలువలను పీజీ సెట్టింగ్స్‌లోని విలువలతో పోల్చే చిన్న స్క్రిప్టు ఒకటి నడుస్తుంది, ఎందుకంటే చెక్ మోడ్ ఫైళ్ళ తేడాను చూపగలదే గానీ ఆల్టర్ సిస్టమ్ చేసిన మార్పును చూడలేదు. పోల్చేటప్పుడు యూనిట్లను ఒకే రూపంలోకి తెచ్చుకోవాలి, లేకపోతే 1 జీబీకీ 1024 ఎంబీకీ కూడా అది తేడా చూపిస్తుంది. తేడా బయటపడిన సర్వరుకు సంబంధించి, రాత్రి మార్పు చేసినవారే దాన్ని ఇన్వెంటరీలోకి ఎక్కించి ఆటో కాన్ఫ్‌లోని వరుసను ఆల్టర్ సిస్టమ్ రీసెట్‌తో తొలగించాలి, లేదా పాత విలువకు వెనక్కు తీసుకురావాలి. ఆ పని అయ్యేంతవరకు ఆ సర్వరు మీద ప్లేబుక్‌ను నడపము.